స్టార్చ్ ఎదురుగా ఉంటే బ్యాక్టీరియా ఎక్కువ ఎంజైమ్ వదులుతుందా? మా ప్రాజెక్టు డైరీ

ప్రశ్న

స్టార్చ్, సెల్యులోజ్, గ్జైలాన్, పెక్టిన్ లాంటి పాలీశాకరైడ్లు బ్యాక్టీరియా కణంలోకి నేరుగా వెళ్లలేవు. వందలు, వేల చక్కెర యూనిట్లు గొలుసుకట్టిన అణువుకు కణపొరలో దారి ఉండదు. గుమ్మంలో పట్టని దుంగను బయటే ముక్కలు చేసుకున్నట్టు, బ్యాక్టీరియా తన ఎంజైమ్‌ను బయటికి పంపి, ఆ గొలుసును తెగ్గొట్టి, చిన్న చక్కెరల్ని మాత్రం లోపలికి తీసుకుంటుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. నన్ను పట్టుకున్నది దీని తర్వాతి ప్రశ్న. లోపలికి రాలేని ఆహారం బయట ఉందని కణానికి తెలిసేదెలా? తెలిశాక ఎంజైమ్ ఎక్కువగా తయారవుతుందా, లేక తయారైనదే ఎక్కువగా బయటపడుతుందా?

కొలవాలనుకున్నది స్టార్చ్‌ను తెగ్గొట్టే ఎంజైమ్ అమైలేజ్‌ను. కణాల్ని అడుక్కు దింపాక పైన మిగిలే ద్రవం పేరు సూపర్‌నేటెంట్. ప్లాన్ చూపించినప్పుడు మా గైడ్ అడిగిన మొదటి మాట ఇది: "సూపర్‌నేటెంట్‌లో అమైలేజ్ తక్కువ కనిపించిందనుకో. అది తయారు కాలేదా, కణం దాటలేదా, దాటి ఎక్కడైనా అతుక్కుపోయిందా? ఏ కంట్రోల్‌తో తేలుస్తావు?"

"మూడూ విడివిడిగా కొలుస్తాను మేడమ్" అన్నాను. ప్రాజెక్టు మొత్తం ఆ జవాబు చుట్టూనే కట్టుకున్నాను.

స్ట్రెయిన్లు, మీడియా

ఎంచుకున్న బ్యాక్టీరియా బ్యాసిలస్ సబ్టిలిస్ 168. దీని జన్యుక్రమం 1997లోనే పూర్తిగా ప్రచురితమైంది. పైగా ఇది గ్రామ్ పాజిటివ్. ఒక్క కణపొర, దాని బయట మందపాటి కణకవచం. పొర దాటిన ప్రోటీన్ కవచంలోంచి నేరుగా మీడియంలోకి వస్తుంది, మధ్యలో ఇంకో పొర అడ్డు ఉండదు. స్రావం గురించి పని మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే తేలికైన జీవి దొరకడం కష్టం.

మూడు స్ట్రెయిన్లు (ఒకే జాతిలోని వేర్వేరు రకాలు) పెట్టుకున్నాను. ఒకటి మామూలు 168. రెండోది అమైలేజ్ జన్యువు ఏఎమ్‌వైఈ తెగిపోయినది. బ్యాసిలస్‌లో కొత్త జన్యువుల్ని చొప్పించడానికి పరిశోధకులు ఏళ్లుగా వాడే చోటు అదే కాబట్టి ఇలాంటి స్ట్రెయిన్ బ్యాసిలస్ ల్యాబుల ఫ్రీజర్లలో సులువుగా దొరుకుతుంది. స్టార్చ్‌ను తెగ్గొట్టడంలో నేను చూస్తున్నది నిజంగా ఈ జన్యువు పనేనా అని ఇది చెబుతుంది. మూడోది రిపోర్టర్. ఇందులో అమైలేజ్ ప్రమోటర్‌ను, అంటే జన్యువు పని మొదలయ్యే డీఎన్‌ఏ భాగాన్ని, లాక్‌జెడ్ జన్యువుకు కలిపి క్రోమోజోమ్‌లో వేరే చోట ఉంచారు. లాక్‌జెడ్ ఇచ్చే బీటా గెలాక్టోసిడేజ్ కణం దాటదు. అందువల్ల బయట ఏం జరిగినా సంబంధం లేకుండా, జన్యువు ఎంత గట్టిగా పనిచేస్తోందో మాత్రమే దీంతో తెలుస్తుంది. ఈ ప్రాజెక్టులో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్ముకున్నది ఈ మూడో స్ట్రెయిన్‌నే.

బేస్ మీడియంలో కేసీన్ హైడ్రోలైసేట్, లవణాలు, కాల్షియం ఉన్నాయి. 168 తనకు కావాల్సిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తాను తయారు చేసుకోలేదు. యాసిడ్‌తో విడగొట్టిన కేసీన్‌లో ట్రిప్టోఫాన్ నాశనమైపోతుంది. కాబట్టి దాన్ని విడిగా కలపాలి. ఆమ్లత్వం మారకుండా పట్టి ఉంచే బఫర్‌కు ఫాస్ఫేట్ బదులు మాప్స్ అనే పదార్థం తీసుకున్నాను, ఎందుకంటే ఫాస్ఫేట్ ఎక్కువైతే కాల్షియం అవక్షేపంగా దిగిపోతుంది, అమైలేజ్‌కు కాల్షియం లేకుండా గడవదు. ఫ్లాస్కులు ఇలా ఉన్నాయి: చక్కెర ఏదీ లేనిది, గ్లూకోజ్, మాల్టోజ్, కరిగే స్టార్చ్, పచ్చి మొక్కజొన్న స్టార్చ్, శాంథన్ (ద్రవాన్ని చిక్కబరిచే పాలీశాకరైడ్). కలిపినవి అన్నీ 1 శాతం, శాంథన్ మాత్రం బాగా తక్కువ.

పచ్చి స్టార్చ్‌ను స్టెరిలైజ్ చేయడం దగ్గర చాలా ఆలోచించాల్సి వచ్చింది. తడిగా ఆటోక్లేవ్‌లో పెడితే గింజలు ఉబ్బి జిగురైపోతాయి. మొక్కజొన్న స్టార్చ్ సుమారు 62 నుంచి 72 డిగ్రీల మధ్యే అలా మారిపోతుంది, ఆటోక్లేవ్ వేడి 121. ఇక ఆల్కహాల్‌లో నానబెడితే మామూలు బ్యాక్టీరియా చస్తుంది గానీ స్పోర్లు (బ్యాక్టీరియా గట్టి కవచంతో నిద్రాణంగా ఉండే రూపాలు) చావవు. స్టార్చ్ పొడుల్లో ఉండే స్పోర్లు చాలావరకు బ్యాసిలస్ జాతివే. అంటే నేను పెంచుతున్న దాని చుట్టాలే వచ్చి ఫ్లాస్కులో చేరతాయి. అందుకని రేడియేషన్‌తో స్టెరిలైజ్ చేసిన పొడి తీసుకుని, ప్రతిసారీ బ్యాక్టీరియా వేయని ఫ్లాస్కు ఒకటి పక్కన పెట్టాను. ఆ ఫ్లాస్కులోంచి ప్లేట్ మీద పరిచి ఏమీ మొలవకపోతేనే ఆ విడత ఫలితాలను లెక్కలోకి తీసుకున్నాను. పాలీశాకరైడ్లతో పని చేసేవాళ్లు ఈ కంట్రోల్‌ను ఎప్పటికీ వదలకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్లేట్లు

ముందు అగార్ ప్లేట్ల మీద చూశాను. అగార్ కూడా పాలీశాకరైడే. చాలా బ్యాక్టీరియా దాన్ని విడగొట్టలేదు కాబట్టే 1880ల మొదట్లో రాబర్ట్ కాక్ ల్యాబులోకి వచ్చిన ఈ పదార్థం ఇప్పటికీ మన ప్లేట్లలో గట్టిగా నిలబడుతోంది. అందులో కరిగే స్టార్చ్ కలిపి, కాలనీలు పెరిగాక అయోడిన్ పోస్తే ప్లేటంతా నల్లటి నీలం, కాలనీ చుట్టూ మాత్రం తేటగా వలయం. అయోడిన్ రంగు నిమిషాల్లో పాలిపోతుంది. అందుకే కెమెరాను ముందే స్టాండుకు బిగించి ఉంచాను.

జన్యువు తెగిన స్ట్రెయిన్ చుట్టూ వలయం లేదు. బాగుంది. స్టార్చ్‌తో పాటు గ్లూకోజ్ కూడా ఉన్న ప్లేట్ మీద 168 కాలనీ లావుగా పెరిగింది, వలయం మాత్రం సన్నటి అంచు. స్టార్చ్ రెండు ప్లేట్లలోనూ ఒకే మోతాదులో ఉంది. అంటే ఎదురుగా స్టార్చ్ ఉన్నంత మాత్రాన కణం స్పందించదు. పక్కన తేలిగ్గా దొరికే చక్కెర ఉందా లేదా అన్నదే ముందు చూస్తుంది.

దీని వెనకున్న ఏర్పాటు నాకు చాలా ఇష్టం. గ్లూకోజ్ వేగంగా లోపలికి వచ్చి విచ్ఛిన్నమవుతున్నప్పుడు కణంలో ఫ్రక్టోజ్ 1,6 బిస్‌ఫాస్ఫేట్ పెరుగుతుంది. అది ఒక కైనేజ్‌ను ఉత్తేజపరుస్తుంది. ఆ కైనేజ్ హెచ్‌పీఆర్ అనే చిన్న ప్రోటీన్‌లో 46వ స్థానంలో ఉన్న సెరీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన హెచ్‌పీఆర్ సీసీపీఏ అనే మరో ప్రోటీన్‌తో జతకట్టి, అమైలేజ్ జన్యువు దగ్గరున్న క్రీ అనే డీఎన్‌ఏ భాగం మీద కూర్చుంటుంది. జన్యువు ఆగిపోతుంది. కణం ఇక్కడ గ్లూకోజ్‌ను నేరుగా కొలవడం లేదు, తన లోపల చక్కెర ప్రవాహం ఎంత ఉధృతంగా ఉందో చూసుకుంటోంది. సీసీపీఏను 1991లో పరిశోధకులు గుర్తించింది కూడా ఇదే అమైలేజ్ జన్యువు మీద పని చేస్తూనే.

వలయాల్ని కొలిచి టేబుల్ వేయలేదు. వలయం వెడల్పులో ఎంజైమ్ ఎంత వచ్చిందన్నదే కాదు, అగార్‌లో అది ఎంత దూరం పాకింది, కాలనీ ఎంత లావుగా ఉంది అన్నవి కూడా కలిసిపోతాయి. ఉందా లేదా చెప్పడానికి ప్లేట్ చాలు. ఎంత అన్నదానికి ఫ్లాస్కు కావాలి.

ఫ్లాస్కులు, డీఎన్ఎస్

అమైలేజ్ కొలవడానికి వాడింది డీఎన్ఎస్ (డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం) పద్ధతి. 1959లో మిల్లర్ ప్రచురించిన రూపమే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. ఎంజైమ్ స్టార్చ్‌ను తెగ్గొట్టినకొద్దీ క్షయకరణ గుణమున్న చివరలు పెరుగుతాయి. వాటితో కలిపి మరిగిస్తే పసుపు రంగు రియేజెంట్ ఎర్రగా మారుతుంది. 540 నానోమీటర్ల దగ్గర చదవాలి. చవకైన, గట్టి పద్ధతి.

చిక్కల్లా ఈ ప్రాజెక్టుకు దాంతో ఉన్న పొత్తులోనే ఉంది. గ్లూకోజ్ ఫ్లాస్కు సూపర్‌నేటెంట్‌లో మిగిలిపోయిన గ్లూకోజ్ కూడా అదే రంగు ఇస్తుంది. స్టార్చ్ ఫ్లాస్కులో అప్పటికే తెగిన మాల్టోజ్ ఉంటుంది. ఆ శాంపిల్‌ను నేరుగా వేస్తే ఎంజైమ్ ఏమీ లేకపోయినా ట్యూబ్ ఎర్రబడుతుంది. అందుకని ప్రతి సూపర్‌నేటెంట్‌నూ చల్లగా ఉంచి, డీసాల్టింగ్ కాలమ్‌లో పంపి చిన్న చక్కెరల్ని తీసేశాను. కాలమ్ బఫర్‌లో కాల్షియం ఉంచాను. ఈడీటీఏ ఉన్న ఏ బఫర్‌నూ దగ్గరికి రానివ్వలేదు, కాల్షియంను అది పట్టుకుపోతే అమైలేజ్ పనిచేయడం ఆగిపోతుంది. దీనికితోడు ప్రతి శాంపిల్‌కు సున్నా నిమిషాల బ్లాంక్.

కణాల లెక్క ఇంకో సమస్య. పచ్చి స్టార్చ్ తేలుతున్న ఫ్లాస్కులో ఓడీ (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) చూడటానికి అర్థమే లేదు, మెషిన్ చూసే మసకలో ఎక్కువ భాగం గింజలదే. అక్కడ ప్లేట్ కౌంట్, అంటే ప్లేట్ మీద మొలిచిన కాలనీల్ని లెక్కపెట్టడం, ఒక్కటే దారి. శ్రమ ఎక్కువే, అయినా పోలిక సమంగా ఉండాలని అన్ని ఫ్లాస్కులకూ అదే పద్ధతి పాటించాను.

కణాలు పగిలి లోపలి సరుకు కారిపోతే దాన్ని కూడా స్రావం అనుకునే ప్రమాదం ఉంది. అందుకని గ్లూకోజ్ 6 ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే లోపలి ఎంజైమ్ కోసం సూపర్‌నేటెంట్లన్నిటినీ 340 నానోమీటర్ల దగ్గర వెతికాను. బాగా ముదిరిన కల్చర్లలోనే అది కనిపించింది. ఆ ముదిరిన శాంపిళ్లను లెక్కలోంచి తీసేశాను.

మొదటి గట్టి ఫలితం

గ్లూకోజ్ ఫ్లాస్కులో కణాలు జోరుగా పెరిగాయి, గ్లూకోజ్ అయిపోయేదాకా అమైలేజ్ దాదాపు లేదు, అయిపోయాక మొదలైంది. మాల్టోజ్‌లో అణచివేత ఉంది గానీ మెత్తగా ఉంది. ఇవి అనుకున్నవే. ఆలోచనలో పడేసింది కరిగే స్టార్చ్ ఫ్లాస్కు. ఒక్కో కణానికి లెక్క కడితే అక్కడ అమైలేజ్, చక్కెర ఏదీ వేయని ఫ్లాస్కులో ఉన్నంతే ఉంది. రిపోర్టర్ కూడా అదే మాట చెప్పింది. ఫ్లాస్కు మొత్తంగా చూస్తే స్టార్చ్ ఉన్నచోట ఎంజైమ్ ఎక్కువే, కానీ అది కణాలు ఎక్కువై వచ్చిన పెరుగుదల.

ఈ బ్యాక్టీరియాలో అమైలేజ్ జన్యువు స్టార్చ్ పిలుపు కోసం ఎదురుచూడదు. కణాలు వేగంగా విభజన చెందే దశ ముగుస్తుంటే, గ్లూకోజ్ అడ్డు లేకపోతే, అది తనంతట తనే తెరుచుకుంటుంది. స్టార్చ్ దాన్ని ప్రేరేపించడం లేదు, అణచకుండా ఉంటోంది, అంతే. పొడవాటి గొలుసు నెమ్మదిగా తెగుతుంది కాబట్టి చక్కెర లోపలికి కొద్దికొద్దిగానే చేరుతుంది, సీసీపీఏ మేల్కొనేంత ప్రవాహం రాదు.

ఈ వివరణను పరీక్షించే దారి ఒకటి కనిపించింది. స్టార్చ్ అసలు లేకుండా, గ్లూకోజ్‌నే సిరంజి పంపుతో చాలా సన్నగా ఫ్లాస్కులోకి వదలడం. మీడియంలో గ్లూకోజ్ పోగుపడకుండా వేగం తగ్గించి పట్టుకున్నాక, రిపోర్టర్ స్టార్చ్ ఫ్లాస్కులో లాగే వెలిగింది. పంపు వేగం పెంచగానే పడిపోయింది. ఎంతో సంతోషమేసిన రోజు అది. చక్కెర ఏది అన్నదానికంటే ఎంత వేగంగా వస్తోంది అన్నది ఇక్కడ ముఖ్యమని నా కళ్లతో చూశాను.

అందరూ ఇలాగే చేయరు

ఇక్కడ పని కాస్త ఆపి చదువులో పడ్డాను, ఎందుకంటే ఈ ఒక్క ఎంజైమ్‌ను చూసి అన్నిటికీ ఇదే నియమం అనడం సరికాదు. బ్యాసిలస్ సబ్టిలిస్‌లోనే లైకెనాన్ అనే బీటా గ్లూకాన్‌ను తెగ్గొట్టే ఎంజైమ్ వేరే దారిలో నడుస్తుంది. దాని జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారీ మొదలవుతుంది గానీ మొదట్లోనే ఒక మలుపు దగ్గర ఆగిపోతుంది. తగిన చక్కెర లోపలికి వచ్చినప్పుడు లిక్‌టీ అనే ప్రోటీన్ ఆ ఆర్ఎన్ఏను పట్టుకుని, ఆగిపోయే మలుపు ఏర్పడకుండా చూస్తుంది. అక్కడ పాలీశాకరైడ్ నిజంగానే పిలుస్తుంది, కాకపోతే పంపేది తన ముక్కల్ని.

పెక్టిన్ మీద బతికే డికియా అనే బ్యాక్టీరియా మొక్కల్లో మెత్తటి కుళ్లు తెస్తుంది. అది ఎప్పుడూ కొద్దిగా పెక్టేట్ లయేజ్ వదులుతూ ఉంటుంది. పెక్టిన్ దొరికితే ఆ కొద్ది ఎంజైమ్ చేసిన ముక్కలు లోపలికి వెళ్లి కేడీజీ అనే చిన్న అణువుగా మారతాయి. కేడీజీఆర్ అనే అణచివేత ప్రోటీన్‌ను అది జన్యువుల మీద నుంచి లేపేస్తుంది. ఇంకా ఎంజైమ్, ఇంకా ముక్కలు, ఇంకా కేడీజీ. తనను తాను పెంచుకునే ఈ వలయం వల్లే కుళ్లు అంత వేగంగా పాకుతుంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది క్లాస్ట్రిడియం థర్మోసెల్లం. సెల్యులోజ్‌ను తెగ్గొట్టే ఎంజైమ్‌లన్నిటినీ ఒకే పెద్ద చట్రం మీద అమర్చుకుంటుంది. సెల్యులోజోమ్ అనే ఆ చట్రాన్ని 1980ల మొదట్లో గుర్తించారు. ఈ బ్యాక్టీరియా కణపొరలో కొన్ని ప్రోటీన్లు ఉన్నాయి. వాటి బయటి చివర పాలీశాకరైడ్‌ను పట్టుకునే భాగం, లోపలి చివర ఒక సిగ్మా ఫ్యాక్టర్‌ను బంధించి ఉంచే భాగం. బయట పాలీశాకరైడ్ తగిలితే లోపల సిగ్మా విడుదలై తగిన జన్యువుల్ని తెరుస్తుంది. ముక్క లోపలికి రావాల్సిన పనే లేదు, గొలుసును బయటే తడిమి తెలుసుకుంటుంది. మొదట్లో వేసుకున్న ప్రశ్నకు ప్రకృతిలో ఒకటి కాదు, చాలా జవాబులున్నాయని ఇక్కడ అర్థమైంది.

పచ్చి స్టార్చ్ ఎందుకు తక్కువ చూపింది

తిరిగి ల్యాబుకు. పచ్చి స్టార్చ్ ఫ్లాస్కు సూపర్‌నేటెంట్‌లో అమైలేజ్ స్పష్టంగా తక్కువ. కరిగే స్టార్చ్ ఫ్లాస్కు పక్కన పెడితే తేడా కంటికి తెలిసేంత ఉంది, డీఎన్ఎస్ ట్యూబుల రంగులోనే. సూపర్‌నేటెంట్ ఒక్కటే కొలిచి ఉంటే, పచ్చి స్టార్చ్ అమైలేజ్ స్రావాన్ని తగ్గిస్తుందని రిపోర్టులో రాసేయవచ్చు.

రిపోర్టర్ అలా చెప్పలేదు. మొక్కజొన్న స్టార్చ్ గింజలు చాలావరకు 5 నుంచి 20 మైక్రాన్లు, బ్యాక్టీరియా మందం ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ. అందువల్ల సెంట్రిఫ్యూజ్‌ను ముందు నెమ్మదిగా తిప్పితే గింజలు అడుక్కు చేరతాయి, కణాలు చాలావరకు పైనే తేలుతూ ఉంటాయి. వాటిని వేరే ట్యూబులోకి తీసి మళ్లీ వేగంగా తిప్పి, కణకవచాన్ని తెగ్గొట్టే లైసోజైమ్‌తో తెరిచి, ఆ ఎంజైమ్ తగిలితే రంగు వచ్చే ఓఎన్‌పీజీతో బీటా గెలాక్టోసిడేజ్ చూశాను. కరిగే స్టార్చ్‌లో పెరిగిన కణాలకు, వీటికి పెద్ద తేడా లేదు. జన్యువు మామూలుగానే పనిచేస్తోంది.

అయితే ఎంజైమ్ ఎక్కడ? అడుక్కు చేరిన గింజల్ని చల్లటి బఫర్‌తో కడిగి, తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్ ద్రావణంలో తిప్పాను. ఎంజైమ్ గింజను వదిలి ఆ చిన్న గొలుసుల్ని పట్టుకుంటుందని ఆశ. పట్టుకుంది. ఆ ద్రావణాన్ని కాలమ్‌లో పంపి కొలిస్తే మంచి యాక్టివిటీ వచ్చింది. తిరుగు పరీక్ష కూడా చేశాను. చక్కెర వేయని ఫ్లాస్కులోంచి కణాలు తీసేసిన సూపర్‌నేటెంట్ తీసుకుని, మంచులో ఉంచి, పచ్చి గింజలు కలిపి, కాసేపాగి తిప్పితే పైన ఉన్న ద్రవంలో యాక్టివిటీ పడిపోయింది. కణాలే లేని ట్యూబులో స్రావం తగ్గే ప్రశ్నే రాదు. అది పూర్తిగా అతుక్కోవడమే.

పిండిని, పీచును తెగ్గొట్టే ఎంజైమ్‌లలో చాలావాటికి పని చేసే భాగంతో పాటు పాలీశాకరైడ్‌ను పట్టుకుని ఉండే భాగం విడిగా ఉంటుంది. సెల్యులేజ్‌లలో ఇది మరీ మామూలు. కరగని పాలీశాకరైడ్ కలిపి సూపర్‌నేటెంట్ కొలిచే ప్రతి ప్రయోగంలోనూ ఈ అతుకుడు లెక్క ఉండి తీరాలి. వ్యర్థాల నుంచి ఎంజైమ్ తయారీ అంటూ వచ్చే ఎన్నో ప్రయత్నాల్లో ఏ పీచు మంచిదో తేల్చడానికి సూపర్‌నేటెంట్ అంకె ఒక్కటే పోలుస్తారు. ఆ పోలికను నేనిప్పుడు నమ్మలేను. ఎంజైమ్‌ను తక్కువగా పట్టుకునే పీచు, ఎక్కువ ఎంజైమ్ ఇచ్చే పీచులా కనిపిస్తుంది.

కణం సొంత గొలుసులు

బయట కలిపిన పాలీశాకరైడ్ల గురించే ఇంతసేపూ. కణకవచంలోనూ గొలుసులున్నాయి. పెప్టిడోగ్లైకాన్ సరే, దానికి అతుక్కుని టీకోయిక్ ఆమ్లాలుంటాయి. 168లో ఇవి ప్రధానంగా గ్లిసరాల్, ఫాస్ఫేట్ గొలుసులు, వాటిమీద అక్కడక్కడ గ్లూకోజ్. ఫాస్ఫేట్ల వల్ల కవచమంతా రుణావేశంతో ఉంటుంది, కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టి ఉంచుతుంది.

స్రావానికి ఇది ఎందుకు ముఖ్యమంటే, అమైలేజ్ సెక్ అనే ప్రోటీన్ రవాణా మార్గంలో పొరను దాటేది మడతపడకుండా, విప్పిన దారంలా. దాటిన వెంటనే పొరకు, కవచానికి మధ్య త్వరగా మడతపడాలి. పీఆర్ఎస్ఏ అనే ప్రోటీన్ సాయపడుతుంది, కాల్షియం కావాలి. ఆలస్యమైతే అక్కడే కాపుకాసే ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు) తెగ్గొట్టేస్తాయి. మడతపడని ప్రోటీన్ పేరుకుంటే సీఎస్ఎస్ఆర్ఎస్ అనే వ్యవస్థ పసిగట్టి, హెచ్‌టీఆర్ఏ లాంటి ప్రోటియేజ్‌ల తయారీ పెంచుతుంది. టీకోయిక్ ఆమ్లాలకు డి అలనీన్ తగిలించే డీఎల్‌టీ జన్యువులు లేని కణాల్లో కవచం రుణావేశం పెరుగుతుంది, కొన్ని అమైలేజ్‌ల స్రావం మెరుగుపడుతుంది. అమైలేజ్ జన్యువు ఒక్క అక్షరం మారకుండా, కవచం ఆవేశం మారితే ఎంజైమ్ దిగుబడి మారడం నాకు ఈ విషయంలో అందమైన భాగం.

మా దగ్గర డీఎల్‌టీ స్ట్రెయిన్ ఇంకా లేదు. అందుకని కాల్షియం తగ్గించి చూశాను. రిపోర్టర్ కదల్లేదు, సూపర్‌నేటెంట్ యాక్టివిటీ పడిపోయింది. ఎంజైమ్ వచ్చి పనిచేయడం లేదా, దారిలోనే తెగిపోయిందా అన్నది యాక్టివిటీ చెప్పదు. ప్రోటీన్‌ను అవక్షేపించి, యాంటీబాడీతో దాన్ని గుర్తించే ఇమ్యూనోబ్లాట్ చేస్తే బ్యాండు కూడా సన్నబడింది. అంటే కొంతైనా దారిలో పోతోంది.

శాంథన్, తర్వాతి పని

శాంథన్ ఫ్లాస్కు ఆహారం కాని పాలీశాకరైడ్ కోసం పెట్టాను. మొదట సీఎంసీ (కరిగేలా మార్చిన సెల్యులోజ్) అనుకున్నా, 168కి సొంత ఎండోగ్లూకనేజ్ ఉంది, సీఎంసీని తెగ్గొడుతుంది. కాంగో రెడ్ రంగు వేస్తే వలయం కనిపిస్తుంది. శాంథన్‌లో ద్రవం చిక్కబడి, కణాల పెరుగుదల మందగించింది, ఒక్కో కణానికి ఎంజైమ్ లెక్క మాత్రం పెద్దగా మారలేదు. చిక్కటి ద్రవంలో ఆక్సిజన్ కరగడం తగ్గుతుంది కాబట్టి పెరుగుదల మందగింపును నేను దాని కిందే వేస్తున్నాను. ఈ శాంపిళ్లను పిపెట్‌తో తీస్తే పరిమాణం తప్పుతుంది, తూకం వేసి తీసుకోవాలి.

తర్వాతి విడతకు ఎన్‌సీఐబీ 3610 స్ట్రెయిన్ తెప్పిస్తున్నాం. 168 ల్యాబుల్లో తరతరాలుగా పెరిగి బయోఫిల్మ్ (గుంపుగా అతుక్కుని ఉండే పొర) కట్టే శక్తి చాలావరకు పోగొట్టుకుంది. 3610 ఈపీఎస్ జన్యువులతో బయట సొంత పాలీశాకరైడ్ జాలం నేస్తుంది. ఆ జాలం ఎంజైమ్‌ను దగ్గరే పట్టి ఉంచుతుందా, వదిలేస్తుందా అన్నది చూడాలి. ఈపీఎస్ తెగిన జోడీ స్ట్రెయిన్ కూడా వస్తోంది. రిపోర్టర్‌ను ఆ రెండింటిలోకీ ఎక్కించడం ముందు పని. ఆ తర్వాత సూపర్‌నేటెంట్, జాలం, కణకవచం, కణం లోపల, నాలుగు భాగాలుగా విడగొట్టి అమైలేజ్ కొలుస్తాను. జాలాన్ని కణాలు పగలకుండా విడదీసే పద్ధతి ఇంకా కుదరలేదు. తక్కువ శక్తితో సోనికేషన్ (ధ్వని తరంగాలతో విడదీయడం) చేసి, ప్రతి మెట్టులోనూ డీహైడ్రోజినేజ్ చూసుకుంటూ ఎంతవరకు వెళ్లవచ్చో ఈ వారం 3610 ఒక్కదాని మీద మొదలుపెడుతున్నాను.